ముక్కల సంచి

పొద్దున్నుంచి అది నాలుగోసారి రావడం. తెర నడుమ పసుపుపచ్చటి త్రికోణం, పక్కన రెండే రెండు వాక్యాలు. మెమరీ చాలడం లేదు. తెరిచి ఉన్నవాటిని మూసేయండి. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. "నీ నోరు పడిపోను, ఇంకెన్నిసార్లు చెప్తావే!" అని లాప్‌టాప్‌నే తిట్టారు. తిట్టి, ఆ మొదటి వాక్యం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. రెండోది తనకి కాదనుకున్నారు. ఏం చేస్తాం, మనుషులు అంతే. హెచ్చరిక చేసినా తమకి నచ్చిన సగమే చదువుతారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. ముప్ఫై రెండేళ్ళు ఒక పెద్ద టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్‌గా చేసిన మనిషి. టేపు మెడలో వేలాడేదే గానీ దాన్ని వాడింది తక్కువ. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే భుజం కొలత చెప్పేసేవారు. సుద్దగీత కూడా గీయకుండా కత్తెర పెట్టేస్తుంటే కుట్టేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారు. తన కంటి మీద ఆయనకి అంత గర్వం. కోయగా మిగిలిన ముక్కని మాత్రం ఒక్కదాన్ని కూడా పారేసేవారు కాదు. అది ఆ పనిలో అందరికీ ఉన్న అలవాటే. ఏ జేబుకి లోపలి గుడ్డ తక్కువవుతుందో, ఏ చంక దగ్గర అతుకు కావాల్సొస్తుందో ఎవరికి తెలుసు? అందుకని కోత బల్ల కింద ఎప్పుడూ ఒక ముక్కల సంచి ఉండాల్సిందే.

ఆయన భార్యది వేరే పని. కళ్ళు కనిపించని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు గట్టిగా చదివి రికార్డు చేసేది. అలాంటి పిల్లల కోసమే నడిచే లైబ్రరీ ఒకటి పుస్తకం పంపేది, ఆవిడ చదివి తిరిగి పంపేది. మాస్టారు పని మానేసి ఇంట్లో కూర్చున్న మొదటి నెలలోనే ఆవిడకి విసుగొచ్చేసింది. "పొద్దస్తమానం నా వెనకాల తిరుగుతూ నా ప్రాణం తీసే బదులు, నా దగ్గులు తీయండి కాస్త" అంది. అలా పదకొండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి ఈ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

పడగ్గదే వాళ్ళ స్టూడియో. కిటికీకి రెండు దుప్పట్లు, తలుపు సందులో పాత తువ్వాలు, ఫ్యాను బంద్. ఆవిడ మైకు ముందు చదువుతుంటే ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ ఉండేవారు. తప్పు చదివితే ఆవిడ నాలిక్కరుచుకుని "ఏమండీ, ఇది తీసెయ్యండి" అనేది, మళ్ళీ అక్కణ్ణుంచి చదివేది. మర్నాడు మాస్టారు కోతకి కూర్చునేవారు. తెర మీద గొంతు ఒక గీతలాగా కనపడుతుంది. మాట దగ్గర ఎగసిపడుతుంది, ఊరుకున్న చోట పడుకుంటుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆయనకి ఆ గీత కూడా బట్టలాగే లొంగిపోయింది. ఇదిగో ఇది దగ్గు, ఇది పేజీ తిప్పిన చప్పుడు, ఇది వీధిలో కుక్క. వినక్కర్లేదు, చూస్తే చాలు. చకచకా కోసేసేవారు.

కోసినవాటిని పారేయలేదు. ముప్ఫై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, దానికి ముక్కల సంచి అని పేరు పెట్టి, అందులో వేసుకున్నారు. ఒక్కోదానికి ఒక్కో పేరు. తుమ్ము, వానాకాలం. నవ్వు, పొట్ట పట్టుకుని. కోపం, తాళంచెవి గురించి. పాడింది, ఎవరూ లేరనుకుని. పదకొండేళ్ళలో అవి మూడు వేలు దాటాయి. భార్యకి చెప్పలేదు. చెబితే నవ్వుతుందని సిగ్గు.

ఆవిడ పోయి ఇరవై ఆరు రోజులైంది. ఊపిరితిత్తుల జబ్బు. ఏడాది పాటు లోపల్లోపలే తినేసి, ఆఖరి రెండు నెలల్లో బయటపడింది. ఆ రెండు నెలల్లోనే తొమ్మిది పాఠాల భూగోళం పుస్తకం పట్టుకుని కూర్చుంది, వద్దంటే వినకుండా. "పిల్లలకి పరీక్షలండీ. నాకూ అదే, పరీక్ష దగ్గర పడింది" అని జోకొకటి. ఆయనకి నవ్వు రాలేదు. తొమ్మిదో పాఠం చదివేసిన పదకొండో రోజున పోయింది.

అప్పట్నుంచి మాస్టారికి రోజు మొదలయ్యేది ముక్కల సంచితోనే. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఒకే ఒక్క ముక్క వినేవారు. రెండు వద్దు, అయిపోతాయని భయం. రోజుకొకటి చొప్పున ఎనిమిదేళ్ళ పైమాటే వస్తాయని వేళ్ళ మీద చూసుకున్నారు. అప్పటికి తనూ ఉండననుకుని ధైర్యం తెచ్చుకున్నారు. పుస్తకాల్లో ఉన్నది లోకం కోసం చదివిన గొంతు. ముక్కల్లో ఉన్నది తన పెళ్ళాం.

బుధవారం నాడు లైబ్రరీ మేడం ఫోన్ చేసింది. ఆవిడకీ చూపు లేదు. మాట మాత్రం వేలితో తడిమినట్టు జాగ్రత్తగా ఉంటుంది.

"మాస్టారూ, ఈ సమయంలో మిమ్మల్ని అడగకూడదు. అడక్కపోతే పిల్లలు అన్యాయమైపోతారు. సోమవారం భూగోళం పరీక్ష."

"తొమ్మిదీ కోసేశానమ్మా. ఒకదానికొకటి అతికించడమే మిగిలింది. శుక్రవారం పొద్దున మీ మనిషిని పంపించండి."

"ఆవిడ గొంతుతో పరీక్షకి కూర్చునే ఆఖరి బ్యాచ్ ఇది" అందావిడ.

ఇదిగో, ఆ అతుకు పని దగ్గరే వచ్చింది తంటా. గురువారం పొద్దున మొదటి రెండు పాఠాలు కలిపేసరికి పచ్చ త్రికోణం. సరేనని పక్కకి నెట్టి మూడోది కలపబోతే తెర బిగుసుకుపోయింది. పది నిమిషాలకి తేరుకుంది, మళ్ళీ త్రికోణం. మూసేయండి, మూసేయండి అని అది మొత్తుకుంటూనే ఉంది. మాస్టారికి మూసేయడమంటేనే హడల్. మొదటి ఏడాది ఒకసారి అలాగే మూసేస్తే పాఠం పాఠమంతా గాలిలో కలిసిపోయింది, పాపం ఆవిడ మళ్ళీ నలభై పేజీలు చదవాల్సొచ్చింది. అప్పట్నుంచి ఏ విండో తెరిచినా తెరిచినట్టే ఉంచేవారు. పనయ్యాక లాప్‌టాప్ మూత దించడమే. పుస్తకం లైబ్రరీకి చేరాకే బావమరిది వచ్చి అన్నీ మూసి, యంత్రాన్ని ఆర్పి, మళ్ళీ వెలిగించి పోయేవాడు.

ఆ బావమరిదికే ఫోన్ కొట్టారు. భార్య తమ్ముడు, లారీల కంపెనీలో గుమస్తా. లోకంలో తెలియని విషయం లేదనుకునే రకం.

"మెమరీ చాలడం లేదంటోందా? ఓస్ అంతేనా బావా! నిండిపోయింది. నా ఫోనూ ఇంతే, వారానికోసారి ఏడుస్తుంది. అక్కర్లేనివన్నీ పీకి పారేయ్."

"ఏవి పీకాలిరా?"

"ఫొటోలు, సినిమాలు, పాటలు. చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యాలి, గుర్తు పెట్టుకో. లేకపోతే అక్కడే కూర్చుంటాయి."

మాస్టారు ఫొటోలు తీసేశారు. సినిమాలు తీసేశారు. షాపులో వేసిన డిజైన్ల బొమ్మలు రెండు వందలు తీసేశారు. ప్రతిసారీ ఆశగా అతుకు పెట్టడం, ప్రతిసారీ ఆ పచ్చమొహం ఎదురుకావడం. మధ్యాహ్నం పన్నెండయింది. మళ్ళీ ఫోన్.

"ఇంకేం లేవురా తీయడానికి."

"ఏదో పెద్దది కూర్చుని ఉంటుంది బావా. అన్నిట్లోకీ బరువైన ఫోల్డర్ ఏది?"

మాస్టారు చూశారు. "ముక్కల సంచి" అన్నారు.

"అదేంటి?"

"మీ అక్క... పుస్తకాల్లోంచి కోసేసినవి."

"కోసేసినవా? అంటే పనికిరానివేగా. ఇంకా ఆలోచిస్తావేం?"

వాడికేం తెలుసు పాపం. చెప్పనిది ఎవరికి మాత్రం తెలుస్తుంది? మాస్టారు ఫోన్ పెట్టేసి, లైబ్రరీ వాళ్ళిచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చి, సంచిని ముందు అందులోకి మార్చాలని చూశారు. నూట పన్నెండో ముక్క దగ్గర యంత్రం కొయ్యబారిపోయింది. పెన్‌డ్రైవ్ విప్పి చూస్తే అందులో ఏమీ చేరలేదు. రెండోసారీ అంతే. గడియారం రెండు దాటింది. శుక్రవారం పొద్దున మనిషొస్తాడు. ఒకవైపు ఆవిడ ఊపిరి పణంగా పెట్టి చదివిన పుస్తకం. ఇంకోవైపు తను దొంగచాటుగా దాచుకున్న దగ్గులూ తుమ్ములూ.

"నీ పనే ముందు, సరేనా? నాదేముంది" అన్నారు పైకే, ఖాళీ కుర్చీకేసి చూసి.

మొత్తం ఒక్కసారి తీసేస్తే సరిపోయేది. మాస్టారు అలా చేయలేకపోయారు. పేర్లు చదువుకుంటూ పైనుంచి కిందికి దిగారు, మూడు వేల పేర్లూ. కొన్నిటి దగ్గర ఆగి చూపుడువేలు తెర మీద పెట్టారు. తర్వాత తీసేశారు. తర్వాత చెత్తబుట్ట ఖాళీ చేశారు, గుర్తు పెట్టుకుని మరీ. కళ్ళు తుడుచుకుని అతుకు మొదలుపెట్టారు. మొదటి పాఠం, రెండో పాఠం, మూడో పాఠం.

పచ్చ త్రికోణం వచ్చింది.

మాస్టారు అరవలేదు, తిట్టలేదు. అసలే మొరాయిస్తున్నప్పుడు మూత పూర్తిగా వేస్తే ఏమవుతుందోనని సగం తెరిచే, నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తుకున్నట్టు లాప్‌టాప్‌ని రెండు చేతుల మీదా మోసుకుంటూ వీధిలోకి నడిచారు. నాలుగు సందుల అవతల ఒక రిపేరు షాపుంది. బల్ల నిండా విప్పేసిన యంత్రాలు, గోడకి రకరకాల తీగలు. నడిపేది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. పళ్ళతో చిన్న స్క్రూడ్రైవర్ కరిచి పట్టుకునే తలెత్తి చూసింది.

"ఏమైంది బాబాయ్ గారూ? అలా ఎత్తుకొచ్చారేంటి?"

చెప్పారు. ఆ అమ్మాయి రెండు మీటలు నొక్కి చూసింది. ఇంకోసారి చూసింది. స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"డిస్కులో బోలెడు చోటుంది కదండీ. సగానికి సగం ఖాళీయే."

"ఇప్పుడే ఖాళీ చేశానమ్మా."

"మీరు తీయకముందు కూడా ఉండే ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదు." మాస్టారి మొహం చూసి, ఎలా చెప్పాలో ఆలోచించింది. "మీరేం పని చేసేవారు?"

"బట్టలు కోసేవాణ్ణి."

"అయితే వినండి. డిస్కు మీ షాపులో బీరువా. ఈ మెమరీ ఏమో మీ కోత బల్ల. మీరు బల్ల మీద తొమ్మిది తాన్లు ఒకేసారి పరిచేశారు, చెయ్యి పెట్టడానికి చోటు లేదు. బల్ల మీదవి తియ్యమని ఇది మొత్తుకుంటోంది. మీరెళ్ళి బీరువా ఖాళీ చేశారు."

మాస్టారికి వెంటనే అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే బావుండేది. బల్ల, బీరువా. ముప్ఫై రెండేళ్ళు ఆ రెంటి మధ్యా తిరిగిన మనిషికి ఇంకోసారి చెప్పాలా?

"అంటే... ఆ సంచి తీయక్కర్లేదా?"

"ఏ సంచీ తీయక్కర్లేదు. విండోలు మూస్తే సరిపోయేది."

అప్పుడు కూలబడ్డారు స్టూలు మీద. ఆ అమ్మాయి మంచినీళ్ళిచ్చింది. ఏం పోయిందో విన్నది. పోయినవాటిని వెనక్కి లాగే ప్రోగ్రాం ఒకటి పెట్టి చూసింది. ముప్పావుగంట నడిచింది. తెర మీద పేర్లు బయటికొచ్చాయి. తుమ్ము, వానాకాలం. కోపం, తాళంచెవి గురించి. మాస్టారు స్టూలు మీంచి లేచారు. ఆ అమ్మాయి ఒకటి నొక్కింది. ఏమీ వినపడలేదు. ఇంకోటి. గరగరమని ఇసుక చప్పుడు.

"పేర్లే మిగిలాయి బాబాయ్ గారూ. తీసేశాక మీరు మళ్ళీ అతుకు పెట్టారు కదా, ఆ చోట్లోకి అది వచ్చి కూర్చుంది" అంది, మెల్లగా.

విండోలు మూసి పంపించేద్దామని ఆ అమ్మాయి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆగిపోయింది.

"ఉండండి ఉండండి. ఇది పాత ప్రోగ్రాం. మీరు కోసిన ముక్కని ఇది వెంటనే పారేయదు. మళ్ళీ కావాలంటారేమోనని విండో మూసేదాకా బల్ల మీదే ఉంచుకుంటుంది. అందుకే ఇంత బరువు! అంటే ఈ తొమ్మిది పాఠాల్లోంచి మీరు కోసినవన్నీ ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్ళవి పోతే పోయాయి. ఆఖరి రెండు నెలలవి ఉన్నాయి. "తియ్యి తల్లీ, తియ్యి" అన్నారు.

మొదటి పాఠంలో కోతలు వెనక్కి తెమ్మని నొక్కగానే తెర తెల్లబోయింది. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషానికి తెర తిరిగొచ్చింది, పచ్చ త్రికోణంతో. ఆ అమ్మాయి నుదురు తుడుచుకుంది.

"ఇంకోసారి ఇలాగైతే మొత్తం చచ్చి ఊరుకుంటుంది. అప్పుడు తొమ్మిదింట్లో ఏదీ మిగలదు. ఒకటి వెనక్కి తేవాలంటే ముందు కొన్ని మూసి చోటు చెయ్యాలి బాబాయ్ గారూ. మూసినవి మాత్రం పోయినట్టే. కోసిన పాఠం ఉంటుంది, ముక్కలు ఉండవు. ఎన్ని మూస్తే సరిపోతుందో నాకూ తెలీదు."

ఏవి మూయాలో ఆయనే చెప్పాలి. ఏ పాఠంలో ఏముందో కోసిన చేతికి తెలుసు. నేలల పాఠంలో పెద్దగా ఏం లేవు, దగ్గులు. మూసేశారు. చోటు చాలలేదు. గాలుల పాఠంలో తుమ్మి, "చూశారా, గాలి" అంది. మూసేశారు. నదుల పాఠంలో వీధిలోవాళ్ళ మీద విసుక్కుంది. అదీ మూసేశారు. ప్రతిసారీ ఆ అమ్మాయి తెర కింద ఉన్న మెమరీ కొలత చూసి తల అడ్డంగా ఊపుతోంది. కొండల పాఠంలో ఒక పేరు ఎలా పలకాలో ఇద్దరూ పోట్లాడుకున్నారు, ఆవిడదే గెలుపు. మాస్టారు ఆ విండో ముందు చాలాసేపు తటపటాయించారు. మూసేశారు. అలా ఏడు పోయాయి. ఆరోదీ తొమ్మిదోదీ మిగిలాయి.

ఆరోది ఎడారుల పాఠం. "ఇసక గురించి చదువుతుంటే గొంతెండిపోతోందండీ" అని తన జోకుకి తనే నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, నవ్వు దగ్గులోకి దిగి, దగ్గుతూ కూడా నవ్విన పాఠం. తొమ్మిదోది సముద్రాలు. చివర చప్పట్లు కొట్టి, "అయిపోయింది బాబూ! మాస్టారూ, ఇక కత్తెర మీ చేతిలో" అంది.

"రెండూ ఉంచి చూద్దామా తల్లీ?"

ఆ అమ్మాయి కొలతకేసి చూసింది. "చూడొచ్చు. పోతే రెండూ పోతాయి."

మాస్టారు ఆరోదాన్ని తన చేత్తోనే మూశారు. ఆ నవ్వు ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు వెనక్కి తెమ్మని నొక్కితే యంత్రం బుద్ధిగా పనిచేసింది. సముద్రాల పాఠం గీత తెర మీద పొడుగవుతూ పోయింది. ఇక్కడో దగ్గు, అక్కడో పేజీ చప్పుడు, చివర చప్పట్లు. నడిమధ్యలో ఉన్నట్టుండి బారెడు గీత వచ్చి చేరింది, చదునుగా పడుకుని.

"ఇదేంటి బాబాయ్ గారూ, ఇంతుంది?"

"అది ఖాళీ అమ్మా. ప్రతి పాఠంలోనూ ఉంటుంది. సగం చదివేసరికి గొంతు పట్టేసి వేడినీళ్ళడిగేది. నేను వంటింట్లోకి వెళ్ళి కాచుకొచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. రికార్డింగ్ ఆపొద్దనేది, ఆపి మొదలెడితే గొంతు కలవదట. మర్నాడు అటొక కత్తెర ఇటొక కత్తెర వేసి తీసేసేవాణ్ణి."

"సంచిలో వేసుకునేవారు కాదా?"

"ఖాళీలో ఏముంటుందని వేసుకోను?"

"వినేవారా?"

"చూస్తే తెలిసిపోతుంది కదమ్మా."

ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వంగింది. గీతని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చదును గీత సన్నగా, చీమలబారులాగా కదులుతోంది.

"ఇది ఖాళీ కాదండీ" అంది. "ఎవరో మెల్లగా మాట్లాడుతున్నారు."

శబ్దం చివరిదాకా పెంచి, హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకి పెట్టింది. తను వినకూడదన్నట్టు వెళ్ళి తీగల దగ్గర నిలబడింది.

ముందు చెప్పుల చప్పుడు, దూరమవుతూ. తన చెప్పులే. తర్వాత కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆవిడ గొంతు. పుస్తకం గొంతు కాదు, ఇంట్లో గొంతు. అలసిపోయి, గుసగుసగా.

"వెళ్ళారా? వెళ్ళారు. ఆ చెప్పులు ఈడుస్తూ నడవద్దంటే వినరు కదా. సరే, ఇది ఆఖరిది మాస్టారూ. చెప్పాల్సినవన్నీ ఎనిమిది పాఠాల్లో చెప్పేశాను, ఇంక కొత్తగా ఏం లేదు. ఎదురుగా చెప్తే మీరు ఏడుస్తారు. మీరు ఏడిస్తే నాకు చదవబుద్ధి కాదు. అందుకే ఇలా మైకుకి చెప్పుకున్నా. మొదట్లో భయమేసింది, ఈయన వింటారో వినరో అని. అందుకే మర్నాడు అడిగేదాన్ని, మొత్తం విన్నారా అని. విన్నాను అన్నారు. ఎనిమిదిసార్లూ విన్నానన్నారు. విని కూడా ఏమీ అనలేదంటే మీకూ నాలాగే నోరు రావట్లేదు, అంతేగా? ఫర్వాలేదు లెండి. మీకు తెలిస్తే చాలు నాకు. మనసు ఎంత తేలికగా ఉందో తెలుసా? ఇంకోటి, మీ ముక్కల సంచి సంగతి నాకు నాలుగేళ్ళ కిందటే తెలుసు. అందుకే అప్పట్నుంచి కాస్త మర్యాదగా దగ్గుతున్నాను. అది మీకు తోడుగా ఉంటుంది, నాకా దిగుల్లేదు. అదిగో, వస్తున్నారు. నీళ్ళు ఒలుకుతాయి, మెల్లగా నడవండి..."

చెప్పుల చప్పుడు, దగ్గరవుతూ. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. "కాలుతుంది, ఊదుకుని తాగు" అంటున్న తన గొంతు. ఆ తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని, పిల్లల కోసం, సముద్రాలు ఎంత లోతుంటాయో చదవడం మొదలుపెట్టింది.

మాస్టారికి ఆ సాయంత్రాలన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. దిండుకి చేరబడి ఆవిడ "నిన్నటి పాఠం మొత్తం విన్నారా?" అనడం, తను చొక్కా మడత పెడుతూ మొహం కూడా తిప్పకుండా "విన్నానోయ్, వినకుండా ఎలా కోస్తాను?" అనడం. ఎనిమిదిసార్లు. ఎనిమిదోసారి ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. జ్వరమొచ్చిందేమోనని నుదురు తాకి చూశారాయన. ఏం చెప్పిందో ఇప్పుడు ఎవరిని అడగాలి? ఎనిమిది పాఠాలూ శుభ్రంగా, మచ్చలేకుండా కోసి ఉన్నాయి. ఏడ్చారు. షాపులో జనం వచ్చి పోతున్నారన్న స్పృహ కూడా లేకుండా, ముక్కు ఎగబీల్చుకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆ అమ్మాయి కాసేపాగి వచ్చింది. తొమ్మిదో పాఠం ముక్కలన్నీ విడిగా ఒక ఫోల్డర్‌లో దాచింది, పెన్‌డ్రైవ్ మీదా ఒక కాపీ వేసింది. తొమ్మిది పాఠాలూ వరసగా అతికించి ఇచ్చింది. అరగంట కూడా పట్టలేదు. పచ్చ త్రికోణం మళ్ళీ రాలేదు, బల్లంతా ఖాళీగా ఉంది మరి.

"రేపు పుస్తకం ఇచ్చేయొచ్చు బాబాయ్ గారూ" అని లాప్‌టాప్ మూత వేసి ఆయన చేతుల్లో పెట్టింది. గుమ్మందాకా వచ్చి, ఉండబట్టలేక అడిగింది. "ఇందాక పెట్టాను కదా, మొత్తం విన్నారా?"

మాస్టారు విన్నాననబోయి ఆగిపోయారు.

"లేదమ్మా" అన్నారు. "వినలేదు. ఒక్కటే విన్నాను."